మీ సర్వీస్ కేంద్రం చుట్టూ నాలుగు నెలలుగా తిరుగుతున్న వినియోగదారుడి ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

అయ్యా,

ఇది నేను మీకు రాస్తున్న అయిదో ఉత్తరం. మొదటి నాలుగింటికీ అక్షరం మారకుండా ఒకే జవాబు వచ్చింది: ‘మీ సందేశం అందింది, 48 గంటల్లో సంప్రదిస్తాం.’ ఆ తరువాత ఎవరూ సంప్రదించలేదు. అందుకే ఈసారి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. దీన్ని మనిషి చదవాలని నా కోరిక.

నేను తెనాలిలో ఉంటాను, గుంటూరులో ఉపాధ్యాయుడిని. రోజూ రానుపోను 52 కిలోమీటర్లు మీ కారులోనే తిరుగుతాను. పెట్రోలు పోయించిన ప్రతిసారీ లీటర్లు, కిలోమీటర్లు చిన్న పుస్తకంలో రాసుకోవడం నాకు అలవాటు. మే నెలాఖరు దాకా 18కి తగ్గని మైలేజీ జూన్‌లో 13కి పడిపోయింది. ఇంజిన్ బొమ్మ ఉన్న పసుపు దీపం వెలిగింది. వారంటీ ఇంకా ఉంది కదా, ఒక పూటలో పని అయిపోతుందని అనుకున్నాను.

మొదటిసారి వెళ్ళినప్పుడు సర్వీస్ అడ్వైజర్ ఏదో తీగ తగిలించి దీపం ఆర్పేసి, ‘అయిపోయింది సర్’ అన్నారు. అది ఎందుకు వెలిగిందని అడిగితే, ‘ఒక్కోసారి అలా వస్తుంది’ అన్నారు. రెండో రోజు సాయంత్రం బడి నుంచి వస్తుంటే నారాకోడూరు దగ్గర మళ్ళీ వెలిగింది. రెండోసారి వెళ్తే ఇంకొక ఆయన ఉన్నారు. మళ్ళీ దీపం ఆర్పారు. మైలేజీ సంగతి ఎత్తితే, నేను గేర్లు సరిగా మార్చడం లేదేమో అన్నారు. 22 ఏళ్ళుగా కారు నడుపుతున్నాను. ఉన్నట్టుండి జూన్ నెలలో గేర్లు మార్చడం మరిచిపోయానా?

మూడోసారి తప్పంతా పెట్రోలు బంకు మీదికి నెట్టారు. నెల రోజులు వేరే బంకులో పోయించి చూసి రమ్మన్నారు. వాళ్ళ మాట కాదనకుండా రెండు వేర్వేరు బంకుల్లో ఫుల్ ట్యాంకు చేయించి, లెక్క అంతా రాసుకుని, సెలవు పెట్టి మరీ వెళ్ళాను. పుస్తకం బల్ల మీద పెట్టాను. అడ్వైజర్ దాన్ని తెరవలేదు. ఫోనులో మాట్లాడుతూ మాట్లాడుతూ టీ కప్పు దాని మీద పెట్టారు. ఆ గుండ్రటి మరక ఇప్పటికీ అట్ట మీద ఉంది. ఆ రోజు నాకు కలిగిన బాధ కారు పాడైనందుకు కాదని మీకు తెలియాలి.

మీ కాల్ సెంటర్ సంగతి కూడా చెప్పాలి. ఫోను చేసిన ప్రతిసారీ కొత్త గొంతు, కొత్త ఫిర్యాదు సంఖ్య. ప్రతిసారీ 17 అక్షరాల ఛాసిస్ నంబరు మొదటి నుంచి చదవాలి, కథ మొదటి నుంచి చెప్పాలి. మేనేజర్ గారు ఎప్పుడూ మీటింగులోనే ఉంటారు. ఆగస్టులో ఒక సాయంత్రం బంకు దగ్గర వరుసలో నిలబడి ఉండగా ఫోనుకు సందేశం వచ్చింది: ‘మీ సమస్య పరిష్కారమైంది.’ ఆ పక్కనే నా కారులో పసుపు దీపం వెలుగుతూనే ఉంది. నన్ను ఒక్క మాట అడగకుండా నా ఫిర్యాదు మూసేసే అధికారం మీకు ఎవరు ఇచ్చారు?

చివరికి మా ఊళ్ళో ఒక మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. రేకుల షెడ్డు, బోర్డు కూడా లేదు. ఆయన చిన్న స్కానర్ తగిలించి, ఇంజిన్ వేడెక్కేదాకా ఆగి, తెర నాకు చూపించారు. ‘మాస్టారూ, ఈ గీత పైకీ కిందికీ కొట్టుకుంటూ ఉండాలండి. ఇది కదలడమే లేదు’ అన్నారు. అది ఆక్సిజన్ సెన్సార్ గీత. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసి ఆ సెన్సార్ కారులోని కంప్యూటర్‌కు చెబుతుందట. నాది ఎప్పుడూ ‘పెట్రోలు చాలడం లేదు’ అనే చెబుతోంది, కంప్యూటర్ నమ్మి పోస్తూనే ఉంది. సైలెన్సర్ గొట్టం లోపల వేలు పెట్టి చూపించారు, కాటుకలా మసి. ఇలాగే నడిపితే పొగను శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టర్ కూడా పాడవుతుందని హెచ్చరించారు. ఇంత చెప్పడానికి ఆయనకు పట్టింది పది నిమిషాలు. మీ కేంద్రంలో అంతకంటే పెద్ద యంత్రాలు ఉన్నాయి, దీపం ఆర్పిన ప్రతిసారీ లోపం ఎక్కడో చెప్పే కోడ్ మీవాళ్ళ కళ్ళ ముందే ఉంది. చూడాలన్న మనసే లేదు.

ఆక్సిజన్ సెన్సార్ లాంటి పెద్ద లోపం సరిచేస్తే మైలేజీ 40 శాతం దాకా మెరుగుపడవచ్చని అమెరికా ప్రభుత్వ వెబ్‌సైటే చెబుతోంది. నాకు రోజుకు లీటరు పైనే అదనంగా కాలిపోతోంది. జీతం మీద బతికేవాడికి నెలకు మూడు వేల రూపాయలు చిన్న మొత్తం కాదు.

మా నాన్నగారు కొన్న మొదటి కారు మీదే. నేను కొన్న రెండూ మీవే. మా బావమరిది నా మాట విని మీ కారే తీసుకున్నాడు. మా బడిలో ఇద్దరు ఉపాధ్యాయులు దసరాకు మీ కారు కొందామనుకుని నన్ను సలహా అడిగారు. ఇంతకాలం మీ తరఫున మాట్లాడిన నోటితో వాళ్ళకు ఇప్పుడేం చెప్పమంటారు?

వారంటీ కింద సెన్సార్ మార్చండి, కన్వర్టర్ పరీక్షించి నివేదిక కాగితం మీద ఇవ్వండి, నాలుగు నెలల అదనపు పెట్రోలు ఖర్చు చెల్లించండి. పుస్తకం నకలు, మీ సర్వీస్ కేంద్రం ఇచ్చిన మూడు జాబ్ కార్డుల నకళ్ళు జత చేశాను. 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవా లోపంపై గుంటూరులో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. అక్కడితో ఆగను, ఈ ఉత్తరాన్ని పత్రికలకూ పంపుతాను.

అన్నిటికంటే ముందు, ఆ పుస్తకం తెరిచి చదివిన మనిషి ఎవరైనా నాకు ఫోను చేయాలి.

ఇట్లు,
తెనాలి నుంచి మీ వినియోగదారుడు