రోబో టీమ్‌కు సాయం ముందే అందాలి

ఎడిటర్ గారికి,

నేను గాజువాకలో రిటైరైన ఫిట్టర్‌ని. మా మనవరాలి రోబోటిక్స్ టీమ్ జమాఖర్చులు నేనే రాస్తాను. మోటార్లు, బ్యాటరీలు మరుసటి ఏడాదికీ పనికొస్తాయి. పోటీల ఎంట్రీ ఫీజు, రైలు ఛార్జీలు, బస ఖర్చు మాత్రం ఏటా కొత్తగా పుట్టాల్సిందే. కిందటేడు ప్రయాణానికి వారం ముందు మోటారు కాలిపోయింది. టికెట్ల డబ్బు దానికి పెట్టేశాం, ఇద్దరు పిల్లలు ఆగిపోయారు. ఆ పూట వాళ్ల ముఖాలు చూడలేకపోయాను.

2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద సంస్థలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చుపెట్టాలి. అందులో విద్యా ఉంది. మన విశాఖలో అలాంటి పరిశ్రమలకు కొదవా? టికెట్లు 60 రోజుల ముందే తీసుకోవచ్చు. డబ్బు ఆలస్యమైతే తత్కాలే గతి. ఆ టెన్షన్ పిల్లలకెందుకు? బడులు తెరిచే జూన్‌లోనే సాయం ఖరారు చేయమని ఆ పరిశ్రమలను వేడుకుంటున్నాను.

— ఒక తాత, గాజువాక, విశాఖపట్నం