వాషింగ్ మెషీన్ ఉన్న బాత్‌రూమ్‌కు స్ప్రింక్లర్ మినహాయింపు వద్దు

సంపాదకులకు నమస్కారం.

ఫ్లాట్లలో గదిగదికీ ఫైర్ స్ప్రింక్లర్ (మంట వేడికి తెరుచుకుని పైనుంచి నీళ్లు చిమ్మే పరికరం) పెట్టి బాత్‌రూమ్‌ను మాత్రం వదిలేస్తుంటారు. అది బిల్డర్ కక్కుర్తి అనుకుంటారు చాలామంది. కాదు, నిబంధనే అందుకు వీలిస్తోంది. చాలా దేశాల్లో ఇంజినీర్లు అనుసరించే అమెరికా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 13 ప్రకారం, ఇంట్లోని బాత్‌రూమ్ 55 చదరపు అడుగులు దాటకుండా ఉండి, గోడలు, సీలింగ్ తేలిగ్గా అంటుకోని పదార్థంతో కట్టి, 15 నిమిషాలు వేడిని ఆపగలిగితే అక్కడ స్ప్రింక్లర్ అక్కర్లేదు. తలుపు నేరుగా కామన్ కారిడార్‌లోకి ఉంటే మాత్రం పెట్టాల్సిందే.

బాత్‌రూమ్‌లో కాలడానికి ఏముంటుందిలే అన్న ధీమాతో ఇచ్చిన వెసులుబాటు ఇది. టైల్స్, కుళాయి తప్ప ఇంకేం లేని గదికైతే సరే. ఇప్పుడు అక్కడే గీజర్, వాషింగ్ మెషీన్, డ్రయ్యర్, పక్కనే విడిచిన బట్టల బుట్ట. పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్. దాని జాలీ ఒకసారి విప్పి చూడండి: బట్టల నూగు, దుమ్ము కలిసి మోటారు మీద దుప్పటిలా పేరుకుని ఉంటాయి. మోటారుకు గాలి ఆడక బాగా వేడెక్కితే ముందు అంటుకునేది ఆ నూగే.

గోడలకు ప్లాస్టిక్ ప్యానెళ్లు అతికించినా, పైన పీవీసీ ఫాల్స్ సీలింగ్ వేయించినా ఆ 15 నిమిషాల షరతు నిలుస్తుందో లేదో అడిగేవారే లేరు. షవర్ యూనిట్ వెనకున్న గోడ కూడా లెక్కలోకి వస్తుందని ప్రమాణం స్పష్టంగానే చెబుతోంది. కంటికి కనపడదు కదా అని పని ఎగ్గొట్టడానికి వీలున్నదీ అక్కడే.

వేడినీళ్ల ఆవిరికే స్ప్రింక్లర్ తెరుచుకుని ఇల్లంతా తడిసిపోతుందన్న టెన్షన్ అనవసరం. మామూలుగా వాడే రకం 68 డిగ్రీల సెల్సియస్ దగ్గర తెరుచుకుంటుంది. స్నానం ఆవిరి సీలింగ్‌ను అంత వేడెక్కించదు. మంట వచ్చినా దాని దగ్గరున్న హెడ్ (నీళ్లు చిమ్మే మూతి) నుంచే నీళ్లు వస్తాయి, మిగతావి కదలవు.

అధికారులకు నా విన్నపం ఒక్కటే. కొలత, గోడలు చూసి సరిపెట్టుకోకుండా గదిలో ఏం పెడతారో కూడా చూడండి. వాషింగ్ మెషీన్‌కో డ్రయ్యర్‌కో పాయింట్ ఇచ్చిన బాత్‌రూమ్ ఎంత చిన్నదైనా ఒక హెడ్ తప్పనిసరి చేయండి. కట్టేటప్పుడు, పైపులు పైకి కనిపిస్తుండగా ఇంకో హెడ్ బిగించడం చిన్న పని. కాపురం పెట్టాక సీలింగ్ పగలగొట్టి పెట్టించుకునేది ఎందరు? ప్లాన్‌కు అనుమతి ఇచ్చేటప్పుడే ఇది చూడాలి.

– ఒక ఫ్లాట్ యజమాని