నేను ఆమోదించిన ప్రశ్నలు మీరు అడగలేదు: సర్వే ప్రశ్నావళి విషయంలో ఫిర్యాదు

కస్టమర్ ఫిర్యాదుల విభాగం మేనేజర్ గారికి,

విషయం: నా పరిశోధన ప్రశ్నావళిని నాకు చెప్పకుండా మార్చడం, పైలట్ (కొద్దిమందితో ముందస్తు పరీక్ష) చేయకుండానే ఫీల్డ్‌కు పంపడం గురించి.

అయ్యా,

మంచం పట్టిన పెద్దవాళ్ళను ఇంట్లోనే ఉంచి చూసుకునేవాళ్ళ మీద నేను రెండేళ్ళుగా పరిశోధన చేస్తున్నాను. వాళ్ళకు కంటినిండా నిద్ర ఉంటోందా, ఎవరైనా సాయానికి వస్తున్నారా, సొంత ఆరోగ్యం గురించి ఆలోచించే తీరిక దొరుకుతోందా అన్నది తెలుసుకోవాలని ఈ సర్వే తలపెట్టాను. నా ప్రశ్నలను ఫోన్‌లో నింపడానికి వీలుగా అమర్చడం, ముందు కొద్దిమందితో పైలట్ చేయడం, ఆ తర్వాత జవాబులు సేకరించి ఇవ్వడం మీ సంస్థ ఒప్పుకున్న పని. ఒక్క మాట మార్చినా నా ఆమోదం తీసుకోవాలని ఒప్పందంలో స్పష్టంగా ఉంది.

జవాబుల ఫైల్ తెరిచి చూస్తే కాలమ్ పేర్లు కొన్ని నావి కావు. అనుమానం వచ్చి, ఫీల్డ్‌కు వెళ్ళిన ప్రశ్నావళి పంపమని అడిగాను. నాలుగుసార్లు మెయిల్ పెడితే గానీ రాలేదు. దాన్ని నా కాపీ పక్కన పెట్టుకుని చదివితే, నేను ఆమోదించిన 32 ప్రశ్నల్లో 11 మారిపోయి ఉన్నాయి. పైలట్ జరిగిన ఆనవాలే లేదు.

మీ ప్రాజెక్ట్ మేనేజర్ ఫోన్‌లో "చదవడానికి సులువుగా ఉంటుందని కాస్త సరిచేశాం, విషయం అదే కదా" అన్నారు. విషయం అదే కాదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నిద్ర గురించి నా ప్రశ్న ఇది: "గడిచిన ఏడు రాత్రుల్లో, మీరు చూసుకుంటున్న మనిషి కోసం ఎన్ని రాత్రులు నిద్ర మధ్యలో లేవాల్సి వచ్చింది?" జవాబు సున్నా నుంచి ఏడు లోపు ఒక అంకె. మీరు దాన్ని "మీరు సాధారణంగా సరిగ్గా నిద్రపోతున్నారా?" అని మార్చి, అవును, కాదు అని రెండు బటన్లు పెట్టారు. సరిగ్గా అంటే ఎంత? రాత్రికి నాలుగైదుసార్లు లేవడం అలవాటైపోయిన మనిషికి రెండుసార్లే లేచిన రాత్రి హాయిగా నిద్రపోయినట్టే. ఆమె అవును అని నొక్కుతుంది. అది అబద్ధం కాదు, ఆమె లెక్కలో నిజమే. కానీ ఎన్ని రాత్రులు లేచిందో ఆ అవునులో ఎక్కడా లేదు. ఇక దాన్ని ఎలా తిప్పి చూసినా బయటికి రాదు.

ఇంకో ప్రశ్నలో "మీరు ఒక్కరే రోజుకు ఎన్ని గంటలు చూసుకుంటారు?" అని రాశాను. అందులో "ఒక్కరే" అనవసరమని తీసేశారు. మన భాషలో "మీరు" అంటే ఎదుట ఉన్న ఒక్క మనిషీ కావచ్చు, ఇంటిల్లిపాదీ కావచ్చు. గౌరవానికీ బహువచనానికీ ఒకే మాట. "మీరు ఎన్ని గంటలు చూసుకుంటారు" అని అడిగితే కొందరు తమ గంటలు చెబుతారు, కొందరు భర్తవీ పిల్లలవీ కలిపి చెబుతారు. ఎవరు ఏది చెప్పారో ఇప్పుడు విడదీయలేను. ఆ ఒక్క మాట పెట్టడానికి ముందు నేను ఎంతమందితో కూర్చుని మాట్లాడానో మీకు తెలియదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని.

అదే ప్రశ్నకు నేను ఖాళీ గడి పెట్టి అంకె వేయమన్నాను. మీరు దాని బదులు ఆప్షన్లు ఇచ్చారు. అవి "అరగంట లోపు" దగ్గర మొదలై "రెండున్నర గంటలకు పైన" దగ్గర ఆగిపోయాయి. మనిషి ఆప్షన్లు చదివేటప్పుడు, మధ్యలో ఉన్నది పదిమందీ చేసేది కాబోలు అనుకుంటాడు, తన జవాబును అటు జరుపుకుంటాడు. 1980లలో జర్మనీలో నార్బర్ట్ ష్వార్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు టీవీ చూసే సమయం మీద ఇదే పరీక్షించారు. సరిగ్గా ఇలా రెండున్నర గంటల దగ్గర ఆగిపోయే ఆప్షన్లు ఇచ్చినప్పుడు, అంతకన్నా ఎక్కువ చూస్తామన్నవాళ్ళు 16 శాతం. ఆప్షన్లు రెండున్నర గంటల దగ్గర మొదలై పైకి వెళ్ళినప్పుడు 37.5 శాతం. అడిగిన విషయం ఒకటే, గడుల వరుస ఒక్కటే వేరు. ఇక్కడ పగలూ రాత్రీ మంచం పక్కనే ఉండే మనిషి పన్నెండు గంటలకూ, మూడు గంటలు చూసుకునే మనిషికీ మీరు ఒకే గడి ఇచ్చారు.

ప్రశ్నల వరుస మార్చడం గురించి రాయాలంటే నాకు నిజంగా బాధగా ఉంది. "ఈ పని మీకు భారంగా అనిపిస్తోందా?" అన్నది నా సర్వే మొత్తంలో అన్నిటికన్నా సున్నితమైన ప్రశ్న. దానికి ముందు నేను ఉద్దేశపూర్వకంగానే మామూలు ప్రశ్నలు పెట్టాను. మీరు వాటిని వెనక్కి నెట్టి, దాని నెత్తిన ఒక కొత్త ప్రశ్న తెచ్చిపెట్టారు: "కన్నవాళ్ళకు సేవ చేయడం పిల్లల ధర్మమని మీరు నమ్ముతున్నారా?" దానికి కాదనేవాళ్ళు ఎవరు? ధర్మమని ఒప్పుకున్న మరుక్షణం అది భారమని చెప్పడానికి ఎవరికి నోరు వస్తుంది? ఫైల్‌లో దాదాపు అందరూ "భారం కాదు" అన్నారు. అది వాళ్ళ మనసులోని మాట అని నేను నమ్మను. ముందు ప్రశ్న వాళ్ళ చేత అలా అనిపించింది.

వరుసకు ఇంత బలం ఉంటుందా అంటే, 1948లో అమెరికాలో జరిగిన ప్రయోగం చూడండి. కమ్యూనిస్టు దేశాల విలేకరులను అమెరికాలోకి రానివ్వాలా అని నేరుగా అడిగితే 36 శాతం మంది సరే అన్నారు. అమెరికా విలేకరులను వాళ్ళ దేశంలోకి రానివ్వాలా అని ముందు అడిగి, ఆ తర్వాత ఇదే ప్రశ్న వేస్తే 73 శాతం సరే అన్నారు. ప్రశ్నలో ఒక్క అక్షరం మారలేదు.

"సాయం దొరకకపోవడం వల్ల మీకు ఇబ్బంది లేదని చెప్పలేరా?" అన్న వాక్యం నేను మూడుసార్లు చదివినా నాకే తలకెక్కలేదు. అవును అంటే ఇబ్బంది ఉన్నట్టా, లేనట్టా? ఇలాంటి మెలిక ఎంత చేటు చేస్తుందో లోకం ఒకసారి చూసింది. 1992లో అమెరికాలో రోపర్ అనే సర్వే సంస్థ నాజీలు చేసిన యూదుల ఊచకోత గురించి ఒక ప్రశ్న వేసింది. అది జరగనే లేదన్నది సాధ్యమని అనిపిస్తోందా, అసాధ్యమని అనిపిస్తోందా అని అందులో రెండు వ్యతిరేకాలు కలిసిపోయాయి. 22 శాతం మంది "సాధ్యమే" అన్నట్టు లెక్క తేలి పెద్ద కలకలం రేగింది. 1994లో అదే సంగతిని సూటిగా అడిగితే ఆ సంఖ్య ఒక శాతానికి పడిపోయింది. ఆ ప్రజలు అప్పటిదాకా తాము అనని మాట మోశారు. మీ వాక్యం వల్ల నా సర్వేలో పాల్గొన్నవాళ్ళకూ అదే గతి పట్టింది.

"డాక్టర్లు, నర్సులు మీకు కావలసిన సమాచారం, ధైర్యం ఇస్తున్నారా?" అన్నది నాలుగు ప్రశ్నల మూట, జవాబు చెప్పే చోటు మాత్రం ఒకటే. వయసు ఆప్షన్లలో 25 రెండు చోట్ల వచ్చింది. ఆదాయం గురించి నేను చివర్లో, ఇష్టమైతే చెప్పమని అడిగాను. మీరు దాన్ని మొదటి పేజీకి తెచ్చారు, ఆ పేజీలోనే వదిలేసి వెళ్ళిపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు.

అన్నిటికన్నా నన్ను కలచివేసినది మరొకటి ఉంది. ప్రతి ప్రశ్నకూ జవాబు తప్పనిసరి చేశారు. నేను పెట్టిన "నాకు వర్తించదు", "చెప్పడం ఇష్టం లేదు" అన్న రెండు గడులూ తీసేశారు. మళ్ళీ మాట్లాడవచ్చని అనుమతి ఇచ్చిన కొందరికి నేనే స్వయంగా ఫోన్ చేశాను. ఒకావిడ అన్న మాట ఇది: "మా అత్తగారికి మాట పడిపోయి ఏడాదైంది. ఆవిడ నాతో గొడవ పడతారా అని అడిగారు. ఏం నొక్కాలో తెలియలేదు. ఏదో ఒకటి నొక్కితే గానీ తర్వాతి పేజీ రాలేదండీ." ఆవిడ ఏ అర్ధరాత్రో దొరికిన కాస్త తీరికను మన సర్వేకు ఇచ్చింది. మనం ఆమె చేత ఉత్త జవాబు నొక్కించాం.

ఐదారుగురితో పైలట్ చేసినా ఇవన్నీ బయటపడేవి. ప్రశ్న చదివించి, "మీకు ఏం అర్థమైంది, మీ మాటల్లో చెప్పండి" అని పక్కన కూర్చుని వినడమే అందులో పని. ప్రశ్నావళి తయారు చేసేవాళ్ళకు దీన్ని మించిన పరీక్ష ఇంకోటి లేదు. దాన్ని ఎగ్గొట్టి, నివేదికలో మాత్రం "పైలట్ పూర్తయింది" అని రాశారు. అది పొరపాటు కాదు, అబద్ధం.

మీ మేనేజర్ ఇంకో మాట కూడా అన్నారు: శాంపిల్ పెద్దది కాబట్టి చిన్న తప్పులు సర్దుకుపోతాయట. యాదృచ్ఛికంగా వచ్చే తేడాలు సర్దుకుంటాయి, నిజమే. అందరినీ ఒకే వైపు నెట్టే తప్పు మాత్రం ఎంతమందిని అడిగినా తగ్గదు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఎవరికి ఓటేస్తారని అడిగితే లిటరరీ డైజెస్ట్ పత్రికకు 20 లక్షలకు పైగా జవాబులు వచ్చాయి. లాండన్ అనే అభ్యర్థి గెలుస్తాడని ఆ పత్రిక ప్రకటించింది. తీరా చూస్తే అతని ప్రత్యర్థి రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలుచుకున్నాడు. అక్కడి తప్పు ఎవరిని అడిగారు, ఎవరు జవాబిచ్చారు అన్న దాంట్లో ఉంది, ఇక్కడిది ఏమడిగారు అన్న దాంట్లో ఉంది. రెండూ సంఖ్య పెంచితే నయమయ్యేవి కావు.

కాబట్టి నాకు కావలసినవి రాస్తున్నాను. మార్చిన 11 ప్రశ్నలనూ నేను ఆమోదించిన మాటల్లో, ఆమోదించిన వరుసలో, మీ ఖర్చుతో మళ్ళీ అడగాలి. అంతకుముందు పైలట్ నా సమక్షంలో జరగాలి, దాని నోట్సు నాకు ఇవ్వాలి. ఏ ప్రశ్న ఎవరు, ఏ తేదీన, ఎందుకు మార్చారో రాతపూర్వకంగా తెలపాలి. నివేదికలో పైలట్ గురించి రాసిన వాక్యాన్ని వెనక్కి తీసుకోవాలి. రెండోసారి అడగబోయే ప్రతి ఒక్కరికీ ముందుగా, తప్పు మీదేనని చెప్పే నాలుగు మాటలు పంపాలి. వాళ్ళ సమయం తీసుకున్నందుకు ఈసారి పారితోషికం కూడా ఇవ్వాలి. ఆ మాటలు పంపే ముందు నాకు చూపించండి. ఇవి కుదరవంటే, ప్రశ్నావళి తయారీకీ ఫీల్డ్ పనికీ చెల్లించిన మొత్తం పూర్తిగా తిరిగి ఇవ్వాలి.

ఈ జవాబుల ఆధారంగా వచ్చే నెల నేను సమర్పించాల్సిన అధ్యాయాన్ని ఆపేశాను. "చూసుకునేవాళ్ళలో ఎక్కువమందికి ఇది భారంగా లేదు" అన్న వాక్యం నా పేరు మీద అచ్చయితే, రేపు వాళ్ళకు అందాల్సిన సాయం అక్కర్లేదని ఎవరైనా దాన్నే చూపించవచ్చు. అందుకే ఈ డేటాను ఇంకెవరికీ ఇవ్వవద్దని, మీ ప్రచారంలో వాడవద్దని కూడా కోరుతున్నాను.

ఈ ఉత్తరం అందిన పది రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఫోన్‌లో చెప్పే జవాబు నాకు సరిపోదు.

ఇట్లు,
మీ వినియోగదారు, పరిశోధక విద్యార్థిని

జత: నేను ఆమోదించిన ప్రశ్నావళి, ఫీల్డ్‌కు వెళ్ళిన ప్రశ్నావళి, ఒప్పందం కాపీ.