కోడి తోక కింద జబ్బులకూ వ్యవసాయ పుటలో చోటు కావాలి

సంపాదకులకు నమస్కారం.

పెరటి కోళ్ల పెంపకంపై మీ వ్యవసాయ పుటలో ఈమధ్య వచ్చిన వ్యాసం చదివాను. కొక్కెర తెగులు టీకాల గురించి, జాతుల ఎంపిక గురించి, గుడ్ల రాబడి గురించి శ్రద్ధగా రాసిన ఆ వ్యాసకర్త, పెరట్లో కోళ్లు పెంచే ఆడవాళ్లు తరచుగా చూసే ఒక బాధను పూర్తిగా వదిలేశారు. అది కోడి తోక కిందది. ఊళ్లో దాన్ని ముడ్డి అనే అంటాం. పత్రికలో ఆ మాట వేయడానికి మొహమాటమైతే రెట్టదారి అనండి. ఈ లేఖలో నేనూ అలాగే రాస్తాను. ఏ పేరు పెట్టినా, ఆ చోటు గురించి ఎవరూ మాట్లాడకపోవడం వల్ల, సకాలంలో నీళ్లతో కడిగితే బతికే పెట్టలు కూరగిన్నెలోకి వెళుతున్నాయన్నది నా ఫిర్యాదు.

ఇది నాలుగిళ్ల సంగతి కాదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్లు 31 కోట్ల 70 లక్షలు దాటాయి. 2012 లెక్కతో పోలిస్తే దాదాపు 46 శాతం పెరుగుదల. మన పెరళ్లలో ఇప్పుడు నాటుకోళ్లతో పాటు రాజేంద్రనగర్‌లో రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటివీ తిరుగుతున్నాయి. నాటు పెట్ట పది పన్నెండు గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది, తరవాత పిల్లలతో తిరుగుతుంది, ఆ రోజుల్లో దాని ఒంటికి విశ్రాంతి దొరుకుతుంది. గ్రామప్రియకు పొదుగు ధ్యాస తక్కువ, అది పెడుతూనే ఉంటుంది. మనం మాత్రం రెండింటికీ అవే నూకలు, అదే తవుడు వేస్తున్నాం.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. రెండేళ్ల కిందట మా గ్రామప్రియ పెట్ట ఒకటి, అయిదు నెలలైనా సరిగ్గా నిండకముందే గుడ్లకు వచ్చింది. ముంగిస భయంతో గూట్లో రాత్రంతా బల్బు వెలిగించి ఉంచడం నేను చేసిన తప్పు. వెలుతురు ఎక్కువ గంటలు పడితే పెట్ట ఒళ్లు ఎదగకముందే గుడ్లు మొదలుపెడుతుందని నాకప్పుడు తెలియదు. మొదటి వారంలోనే రెండు పచ్చసొనల పెద్ద గుడ్డు పెట్టింది. పెంకు మీద నెత్తుటి చార ఉంది. మర్నాడు పొద్దున గూడు తెరిచేసరికి దాని తోక కింద నిమ్మకాయంత ఎర్రటి ముద్ద వేలాడుతోంది, మిగతా పెట్టలు వెంటపడి దాన్ని పొడుస్తున్నాయి. గేదెకు మెయ్య దిగినట్టే, అంటే గర్భం దారి బయటికి జారినట్టే ఇదీ అని పక్కింటి పిన్నిగారు చూడగానే చెప్పారు. ఆ పోలిక సరైనదే. పెట్ట గుడ్డు పెట్టేటప్పుడు గుడ్డు దారి చివరి భాగం కొద్దిగా బయటికి తిరగబడుతుంది, రెట్ట అంటకుండా గుడ్డును బయట వదిలి వెంటనే లోపలికి వెళ్లిపోతుంది. అలా వెళ్లకుండా నిలిచిపోవడమే ఈ జబ్బు. ఎరుపు కనిపిస్తే తోటి కోళ్లు ఆగవు. గంటలో పేగులు లాగేసిన సందర్భాలు ఊళ్లో చూశాను.

కాబట్టి వైద్యంలో మొదటి పని మందు కాదు, పెట్టను వేరు చేయడం. గంప కింద పెట్టి పైన గోనెపట్టా కప్పితే పొడిచే బాధ తప్పుతుంది, చీకటి వల్ల గుడ్లు పెట్టడమూ తగ్గుతుంది. లీటరు గోరువెచ్చని నీటికి చెంచాన్నర ఉప్పు కలిపి, అంటుకున్న రెట్టనూ మట్టినీ నెమ్మదిగా కడగాలి. వాపు ఎక్కువుంటే పంచదారను చిక్కటి పాకంలా కలిపి పది నిమిషాలు పూసి ఉంచితే, పంచదార నీటిని లాగేసి ముద్ద చిన్నదవుతుంది. ఆ తరవాత గోళ్లు తీసిన వేలికి చేతితొడుగు వేసుకొని, వాజిలిన్ రాసి, ఆ ముద్దను కొద్దికొద్దిగా లోపలికి నెట్టి రెండు మూడు నిమిషాలు అదిమి పట్టుకోవాలి. నల్లబడినా, చిరిగినా, దుర్వాసన వచ్చినా చెయ్యి పెట్టకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లాలి.

మా పెట్టకు మూడు రోజుల్లో రెండుసార్లు మళ్లీ జారింది. మొదట వెళ్లిన చోట కోడికి వైద్యమేమిటి, కోసుకోండి అని నవ్వారు. రెండో చోట ఒక డాక్టరుగారు ఓపికగా, రెట్టకు సందు వదిలి చుట్టూ కుట్టు వేసి, కొన్నాళ్లకు విప్పారు. పగలు వెలుతురు ఎనిమిది గంటలకు మించకుండా ఉంచమన్నది ఆయన సలహాయే. పెట్ట కోలుకుంది. నిజం చెప్పాలంటే నాలుగు నెలలకు మళ్లీ జారింది, అప్పుడిక కోసేశాం. ఒకసారి జారిన దానికి మళ్లీ జారే అవకాశం ఎక్కువ. అలాంటి పెట్టను గుడ్ల మీద ఆశతో ఉంచుకోకూడదని ఆ డాక్టరుగారు ముందే అన్నారు.

ఇలాంటప్పుడు మా వైపు సున్నం, కిరసనాయిలు రాసేవాళ్లు ఇంకా ఉన్నారు. అది చర్మం కాదు, నోటి లోపలి పొర వంటి సున్నితమైన పొర. సున్నం దాన్ని కాల్చేస్తుంది.

పోషణ విషయం కొంచెం వివరంగా రాయవలసి ఉంది, ఎందుకంటే మూలం చాలావరకు అక్కడే ఉంది. ఒక్క గుడ్డు పెంకుకు దాదాపు రెండు గ్రాముల కాల్షియం కావాలి. నూకల్లో అది లేనట్టే; తవుడులో భాస్వరం ఎక్కువగా, కాల్షియం చాలా తక్కువగా ఉంటుంది. మేతలో దొరకనప్పుడు పెట్ట తన ఎముకల్లోంచి తీసి పెంకు కడుతుంది. అదే కాల్షియం గుడ్డును బయటికి తోసే కండరం బిగియడానికి కూడా అవసరం కాబట్టి, లోటు ముదిరితే గుడ్డు దారిలోనే చిక్కుకుపోతుంది. అప్పుడు పెట్ట తోక వాల్చి, నిటారుగా నిలబడి, ఆగి ఆగి ముక్కుతుంది. అలాంటి దాన్ని పొట్ట మునిగేలా గోరువెచ్చని నీటిలో పావుగంట కూర్చోబెట్టి, తుడిచి, చీకటి మూల ఉంచితే కొన్నిసార్లు గుడ్డు దానంతటదే జారుతుంది. ఆ పూటకు రాకపోతే డాక్టరుకు చూపించాలి గాని, లోపల గుడ్డు చిదిపే సాహసం చేయకూడదు. పెంకు ముక్కలు దారిని కోస్తాయి. ముందుజాగ్రత్త మాత్రం చాలా చవక. ఆలిచిప్పలు దంచి వేరే చిప్పలో పెడితే గుడ్లు పెట్టే పెట్టలు తమకు కావలసినంతే ఏరుకొని తింటాయి. దాన్ని పిల్లల మేతలో మాత్రం కలపకూడదు, ఎక్కువైతే వాటి మూత్రపిండాలు దెబ్బతింటాయి.

పిల్లల సంగతి వేరు. మొదటి వారంలో రెట్ట ఎండి, రెట్టదారికి మూతలా గట్టిపడుతుంది; చూడకపోతే పిల్ల రెట్ట వేయలేక చచ్చిపోతుంది. చలి, విపరీతమైన వేడి, పెట్టెలో వచ్చిన దూరప్రయాణం, నీళ్లు అందకపోవడం దీనికి కారణాలు. తడి దూదితో నానబెట్టి తీయాలి, ఎండినదాన్ని లాగితే చర్మం ఊడుతుంది. మరొక ముఖ్యమైన మాట: రెట్టదారికి కొద్దిగా కింద, పొట్టవైపు, ఎండిన చిన్న పొక్కు కనిపిస్తుంది. అది బొడ్డు. రెట్ట అనుకొని దాన్ని గిల్లిన చేతుల్లో పిల్లలు పోవడం నేను చూశాను. మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం, తరవాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గింపు చాలు. పిల్లలు బల్బు కింద గుంపుగా ముడుచుకుంటే చలి అని, నోళ్లు తెరిచి దూరంగా పోతే వేడి అని తెలుసుకోవచ్చు. కడిగినా తెల్ల పారుడు ఆగక వరసగా పిల్లలు చస్తుంటే మాత్రం అది అంటుజబ్బు కావచ్చు, పరీక్ష చేయించవలసిందే.

రెట్టదారి చుట్టూ ఈకలు నల్లగా మురికిపట్టినట్టు ఉంటే రాత్రి దీపం పట్టుకొని ఈకలు విడదీసి చూడాలి, పురుగులు కదులుతూ కనిపిస్తాయి. పుల్లటి దుర్వాసనతో తెల్లటి జిగురు కారుతుంటే బూజు జాతి సూక్ష్మజీవి పట్టి ఉండవచ్చు. ఇక్కడే మనవాళ్లు మందుల దుకాణంలో మనుషుల యాంటీబయోటిక్ గొట్టం మాత్రలు కొని, విప్పి నీళ్లలో కలుపుతున్నారు. బూజుకు ఆ మందు పనిచేయదు సరికదా, దాన్ని ఇంకా పెంచుతుంది. ఆ మందు గుడ్లలోకి వచ్చి మన పిల్లల కంచంలో పడుతుంది. కాబట్టి ఏ మందు ఎన్నాళ్లు, గుడ్లు ఎన్నాళ్లు తినకూడదు అన్నది డాక్టరే చెప్పాలి. పశువైద్య బండిని ఊళ్లోకి పిలిచే 1962 నంబరుకు ఫోను చేయడం గేదెకే గాని కోడికి కాదన్న అభిప్రాయం మాలాంటివాళ్లలో పోవాలంటే, ఆ బండ్లలో వచ్చేవారూ కోడిని చేతిలోకి తీసుకొని చూడాలి.

మీ పత్రికలో నిపుణుల చేత దీనిపై వ్యాసం రాయించమని కోరుతున్నాను. అందులో బొమ్మలు తప్పక వేయండి. గుడ్లు పెడుతున్న పెట్ట రెట్టదారి వెడల్పుగా, తడిగా, పాలిపోయినట్టు ఉంటుంది. పెట్టనిదానిది చిన్నగా, పొడిగా ముడుచుకొని ఉంటుంది. ఈ తేడా తెలియక మా వీధిలో ఒకామె, రోజూ గుడ్డు పెడుతున్న పెట్టకే జబ్బనుకొని వారం రోజులు పసుపు, వేపనూనె రాసింది.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
చింతలపూడి మండలం, ఏలూరు జిల్లా