ఎకరానికి ఎన్ని బస్తాలో రాసివ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఏటా తొలకరి ముందు ఎరువుల కొరత మీద, నకిలీ విత్తనాల మీద పత్రికల్లో వార్తలు వస్తాయి. రావాల్సిందే. కానీ చేతికొచ్చిన ఎరువు ఎంత వేయాలి, కొన్న పురుగుమందు కొట్టాక కోతకు ఎన్నాళ్లు ఆగాలి అన్నది రైతుకు అర్థమయ్యేలా ఎవరు చెబుతున్నారన్న మాట ఎక్కడా కనబడదు. ఈ ఉత్తరం దాని గురించే.

మాది కర్ణాటకలో చింతామణి వైపు పల్లె, నా ఉద్యోగం బెంగళూరులో. కోలారు, చిక్కబళ్లాపుర జిల్లాల నుంచి, అటు మదనపల్లె, హిందూపురం నుంచి వచ్చి ఇక్కడ ఉంటున్న తెలుగువాళ్లలో చాలామందికి ఊళ్లో ఇంకా సేద్యం ఉంది. మందు కొట్టే రోజు పొద్దున్నే మా ఫోన్లకు ఫొటోలు వస్తాయి. బస్తా ఒకటి, డబ్బా ఒకటి, డబ్బాతో పాటు ఇచ్చే కరపత్రం ఒకటి. "దీనిమీద ఏం రాసిండారో చూసి చెప్పుమ్మా" అంటాడు మా నాయన. ఆయన చదివింది కన్నడం, ఇంట్లో మాట్లాడేది తెలుగు, డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండేది ఇంగ్లీషు. పురుగుమందుల కరపత్రం ఆయా ప్రాంతాల భాషల్లోనూ ఉండాలని 1971 నాటి నిబంధనలే చెబుతున్నాయి. ఉంటోంది కూడా. అయితే ఆ అక్షరాలు ఎంత సన్నవంటే ఫోన్లో పెద్దవి చేసుకుంటే గానీ నాకే కనబడవు. అరవై దాటిన మనిషి చేలో నిలబడి వాటినెలా చదువుతాడు?

ముందు ఎరువుల సంగతి. నీటి వసతి ఉన్న రాగి పైరుకు హెక్టారుకు 100:50:50 అన్న సిఫారసునే తీసుకుందాం. నత్రజని 100 కిలోలు, భాస్వరం 50, పొటాష్ 50 అని దానర్థం. ఇవి పోషకాల కిలోలు, బస్తాలో ఉండే ఎరువు కిలోలు కావు. పైగా హెక్టారు లెక్క. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు. అంటే ఎకరానికి 40:20:20 చాలు. డీఏపీ బస్తా మీద 18:46:0 అని ఉంటుంది. 50 కిలోల బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. మనకు కావాల్సిన 20 కిలోల భాస్వరం 43 కిలోల డీఏపీతోనే వచ్చేస్తుంది. దాంతో పాటు ఎనిమిది కిలోల దాకా నత్రజని కూడా వస్తుంది కాబట్టి యూరియా ఆ మేరకు తగ్గించుకోవాలి. యూరియాలో 46 శాతం నత్రజని, ఇప్పుడు బస్తా 45 కిలోలు. మిగిలిన 32 కిలోల నత్రజనికి 70 కిలోలు, అంటే ఒకటిన్నర బస్తా మీద కాస్త. 20 కిలోల పొటాష్‌కు మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ అనే ఎరువు 33 కిలోలు. ఇంతే లెక్క.

ఈ లెక్క ఎవరూ వేసివ్వరు. అంగడికి వెళితే "ఎకరాకు రెండు డీఏపీ వెయ్యన్నా, పైరు లేస్తుంది" అంటారు. బస్తా 1,350 రూపాయలు. ఒక బస్తా కూడా పూర్తిగా పట్టని చోట రెండు వేయిస్తున్నారు. డబ్బు పోవడం ఒక్కటే కాదు, నేలలో భాస్వరం మితిమీరితే మొక్కకు జింకు సరిగా అందదు. ఆకు పాలిపోతుంది. మళ్లీ అదే అంగడికి వెళ్లి జింకు కొనాలి. మట్టి పరీక్ష చేసి ఇచ్చే సాయిల్ హెల్త్ కార్డు 2015లో వచ్చింది, అందులో 12 అంశాలుంటాయి. మంచి పథకం. చాలా ఇళ్లలో ఆ కార్డు పహణీ (భూమి రికార్డు) కాగితాలతో పాటు బీరువాలో భద్రంగా ఉంది, దాన్ని చూసి ఎరువు కొన్నవాళ్లు మాత్రం మా ఊళ్లో నాకు కనబడలేదు. అది రైతు కొలతల్లో మాట్లాడదు. మా వైపు 40 గుంటలైతే ఎకరం, చిత్తూరు వైపు బంధువులకు 100 సెంట్లయితే ఎకరం. హెక్టార్లలో దున్నేవాళ్లెవరూ మా చుట్టుపక్కల లేరు. ఆ కార్డులో ఈసీ అని ఒక గడి ఉంటుంది, మట్టిలో కరిగిన లవణాల కొలత అది. పురుగుమందు డబ్బా మీద కూడా ఈసీ అనే ఉంటుంది, అది నీళ్లలో కలిపితే పాలలా మారే రకం మందు. భూమి కొనేటప్పుడు సబ్ రిజిస్ట్రార్ దగ్గర తీసే ఈసీ మరొకటి. ఎక్కడ దేని గురించో పక్కనే రెండు ముక్కలు రాస్తే ఏం పోతుంది?

పురుగుమందుల విషయం ఊరి వరకే ఆగదు, బెంగళూరులో కూర్చుని తినే మనదాకా వస్తుంది. డబ్బా మీద ఒక రంగు త్రికోణం ఉంటుంది. ఎరుపైతే అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆ రంగు మనిషికి ఎంత ప్రమాదమో చెప్పేదే గానీ పురుగు ఎంత బాగా చస్తుందో చెప్పేది కాదు. ఎరుపుంటే పవర్ ఎక్కువని ఏరి కొనేవాళ్లను చూశాను. ఆకుపచ్చంటే సేంద్రియ మందని నమ్మి, చేతికి తొడుగు లేకుండా కలిపేవాళ్లనూ చూశాను. ఇక మందు కొట్టాక కోతకు ఎన్ని రోజులు ఆగాలన్నది కరపత్రంలో పంటవారీగా ఉంటుంది, వెయిటింగ్ పీరియడ్ అంటారు. టమాటా కాపు మీద ఉన్నప్పుడు రెండు మూడు రోజులకో కోత. ఈరోజు కొట్టి ఎల్లుండి కోస్తే ఆ పెట్టె కోలారు మార్కెట్ మీదుగా మన వంటింటికే వస్తుంది. రైతు కావాలని చేసేది కాదిది. ఆ అంకె కరపత్రం మడతల్లో ఉంటే ఆయనకు ఎలా తెలుస్తుంది? అంగడిలో బిల్లు రాసేటప్పుడే "టమాటాకు ఇన్ని రోజులు" అని పెద్దగా రాసివ్వాలి.

పంటల బీమాలో ప్రీమియం సంగతి అందరికీ తెలుసు. వానాకాలం పంటలకు 2 శాతం, యాసంగికి 1.5, తోట పంటలకు 5. తెలియందల్లా గడువు. వడగళ్లు పడి చేను పోతే 72 గంటల్లో చెప్పాలి. వేరుశెనగ పీకి చేలో ఆరబెట్టినప్పుడు వాన కొడితే, రాష్ట్రం ఆ రక్షణను నోటిఫై చేసి ఉంటే, కోసిన 14 రోజుల లోపు జరిగిన నష్టానికి పరిహారం అడగొచ్చు. దానికీ అదే 72 గంటలు. మా బంధువు ఒకాయన తడిసిన వేరుశెనగ కట్టెలు ఆరబెట్టే పనిలో పడి ఐదో రోజు ఫోన్ చేశాడు. గడువు దాటిందన్నారు. ఆయన ప్రీమియం కట్టినప్పుడు ఈ గడువు మాట ఒక్కరూ చెప్పలేదు.

కర్ణాటక వ్యవసాయ శాఖకు నా విన్నపం. రైతులకు సలహాలిచ్చే మీ రైత సంపర్క కేంద్రాల్లో ఇచ్చే ప్రతి సిఫారసునూ ఎకరానికి, గుంటకు, ఏ ఎరువు ఎన్ని కిలోలు, ఎన్ని బస్తాలు అని కన్నడంలో రాసివ్వండి. తెలుగు మాట్లాడే తాలూకాల్లో తెలుగులో చదివి వినిపించండి. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణ జీకేవీకేలో ఏటా జరిగే కృషి మేళాకు మా జిల్లాల నుంచి, సరిహద్దు అవతల నుంచి తెలుగు రైతులు వస్తారు. అక్కడ తెలుగులో లెక్క వేసిచ్చే బల్ల ఒక్కటి పెట్టండి.

మీ పత్రికను అడిగేది కూడా ఒకటుంది. వారానికోసారి వ్యవసాయ పేజీలో ఒక చిన్న పెట్టె కేటాయించండి. ఆ వారం మా వైపు ఏ పైరు ఏ దశలో ఉందో చూసి, ఎరువు దుక్కిలో ఎంత, పైరు పెరిగేటప్పుడు పైపాటుగా ఎంత, ఎకరం లెక్కన వేయండి. కింద కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551 ఇవ్వండి. ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు పలుకుతుంది, ఫోన్ ఖర్చు ఉండదు. అక్షరాలు మాత్రం పెద్దవిగా ఉండాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కె.ఆర్. పురం, బెంగళూరు