నగలు దొరకనివ్వని ‘నగల మోడ్’ గురించి ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మెటల్ డిటెక్టర్ ‘నగల మోడ్’, తెలుగు మాన్యువల్‌లో తప్పులు

అయ్యా,

గత నెల మీ దగ్గర 32,000 రూపాయలు పెట్టి మెటల్ డిటెక్టర్ కొన్నాను. మీ ప్రకటనలో లంకెబిందెల బొమ్మ ఉంది కానీ నాకు ఆ ఆశ లేదు. అయినా 1878 నాటి చట్టం ప్రకారం భూమిలో పది రూపాయల విలువ మించిన నిధి దొరికినా కలెక్టరుకు చెప్పాలి. ఆ ముక్క మీ ప్రకటనలో కనబడలేదు. మాది అనంతపురం జిల్లా. వేరుశనగ పీకుతుండగా మా ఆవిడ నల్లపూసల గొలుసు చేలో తెగిపడిపోయింది. మిషన్ కొన్నది అందుకే.

మాన్యువల్ 11వ పేజీలో “నగల కోసం నగల మోడ్ పెట్టండి, చెత్త వినిపించదు” అని ఉంది. అలాగే పెట్టి రెండు రోజులు ఎండలో చాళ్ల వెంట తిరిగాను. మోగలేదు. మీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే “డిస్క్రిమినేషన్ ఇంకా పెంచండి సార్” అన్నారు, అంటే అక్కర్లేని లోహాలను మోగనివ్వని సెట్టింగు. పెంచాను. మేకులతో పాటు అన్నీ నోరు మూసుకున్నాయి.

మూడో రోజు విసుగొచ్చి ఏ లోహాన్నీ వదలకుండా మోగే ‘ఆల్ మెటల్’ మోడ్‌లో పెట్టాను. పాత మేకులు, మాత్రల రేకులు, బీరు మూతలు ఏరుకుంటూ పోతే సాయంత్రానికి గొలుసు దొరికింది. అంతకుముందు నాలుగైదు సార్లు మిషన్ కింది కాయిల్ (తీగచుట్ట) తిప్పిన చోటే, రెండంగుళాల లోపల. మోగింది కూడా గొలుసు కాదు, దాని కొక్కెం అనుకుంటాను.

తర్వాత ఇంటి పెరట్లో అన్నీ పరిచి చూశాను. మిషన్ ఒక్కో లోహపు వస్తువుకీ ఒక నంబరు చూపిస్తుంది. మీ నగల మోడ్ 40 లోపు నంబర్లన్నీ మూసేస్తుంది. గొలుసుకి వచ్చేది 18. వెండి మెట్టెలకు 36, ఎందుకంటే అవి వెనక తెరిచి ఉంటాయి, కరెంటు చుట్టూ తిరగలేదు. అదే బరువున్న మూసిన వెండి ఉంగరానికి 70 దాటింది. 22 క్యారెట్ల ఉంగరానికి 52, బీరు మూతకు 58! మేకు పక్కన ఆ ఉంగరాన్నే పెడితే నగల మోడ్‌లో చప్పుడే లేదు.

ఈ మిషన్‌కి బంగారమో ఇత్తడో తెలియదు. కాయిల్ పుట్టించే అయస్కాంత క్షేత్రంతో లోహంలో కరెంట్లు తిరుగుతాయి, వాటి సిగ్నల్ ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసి నంబరు వేస్తుంది. అందులో లోహంతో పాటు వస్తువు సైజు, మందం, ఆకారం కూడా కలిసి ఉంటాయి. సన్న గొలుసులో ఒక్కో లింకు ఒక్కో బుల్లి వస్తువు, అందుకే రేకులా కనబడుతుంది. ఇది నాకు మీరు చెప్పాల్సిన సంగతి, నేను మీకు రాయాల్సింది కాదు.

ఇక మీ తెలుగు మాన్యువల్‌లోని నాణేల పట్టిక. అమెరికా నాణేలైన నికెల్, క్వార్టర్ల నంబర్లు ఇచ్చారు. అనంతపురంలో నికెల్ ఎక్కడ దొరుకుతుందండీ? మన రూపాయి నాణెం స్టెయిన్‌లెస్ స్టీలు. నా మిషన్ దాన్ని ఇనుమనుకుని మూసేసింది. అనువదించినవారు మాటలు మార్చారు, నాణేలు మార్చలేదు.

మిషన్ వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వండి. అది కుదరకపోతే ఆ మోడ్ పేరు మార్చి, పోయిన సన్న నగల కోసం ఆల్ మెటల్‌లోనే వెతకాలని రాసి, గొలుసులు, మెట్టెలు, మన నాణేల నంబర్లతో సరిచేసిన మాన్యువల్ కొన్నవారందరికీ పంపండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. బిల్లు, పెరట్లో తీసిన ఫొటోలు జతచేశాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు