మా మేనల్లుడు బాగున్నాడు, అందరికీ కృతజ్ఞతలు

నరసన్నపేట నుంచీ, శ్రీకాకుళం నుంచీ ఫోన్లు చేసి మా అప్ప కొడుకు ఎలా ఉన్నాడని అడిగిన వాళ్ళందరికీ ఒకేసారి చెబుతున్నాను. గుంటడు బాగున్నాడు. ఇంటికొచ్చేశాం. అన్నం తింటున్నాడు, వీధంతా తిరుగుతున్నాడు.

తలోరకంగా చెప్పుకుంటున్నారు కాబట్టి ఉన్నది రాస్తున్నాను. పాము కరవలేదు. ఎవరూ ఏమీ పెట్టలేదు. ఉత్తరాదిలో పనిచేసే పక్కింటి కుర్రాడు సెలవుకొచ్చాడు. అక్కడి పాన్ షాపుల్లో అమ్మే భంగు గోళీలు, అంటే గంజాయి ఆకుతో చేసేవి, అతని సంచిలో ఉన్నాయి. రంగు కాగితం చుట్టి, తియ్యగా ఉంటాయి. మూడేళ్ళవాడికి అవి చాక్లెట్లే కదా.

సాయంత్రానికి వాడి నడక తూలింది. కళ్ళు ఎర్రబడ్డాయి. కాసేపటికి ఎంత లేపినా లేవలేదు. అమ్మ దిష్టి తీస్తుండగానే 108కి ఫోన్ చేశాం.

ఆ బండిలో వచ్చిన టెక్నీషియన్‌కి చేతులెత్తి దండం పెడుతున్నాను. కక్కించాలని అమ్మ ఉప్పునీళ్ళు పట్టబోతే ఆపాడు. మత్తులో ఉన్న బిడ్డకి పడితే ఊపిరితిత్తుల్లోకి పోతాయన్నాడు. పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఆక్సిజన్ పెట్టి, వేలు గుచ్చి షుగర్ చూశాడు. బండి నడిపే పైలట్ అన్న హైవే మీద ఎక్కడా ఆగకుండా శ్రీకాకుళం పెద్దాసుపత్రి రిమ్స్‌కి చేర్చాడు.

అక్కడ పిల్లల డాక్టరమ్మ వాడి ఒళ్ళంతా వెతికారు. కట్లపాము కరిస్తే కాటు కనబడకపోవచ్చట, కనురెప్పలు వాలిపోయి మత్తుగా ఉంటారట. పురుగుమందా, ఇంట్లో పెద్దవాళ్ళ నిద్రమాత్రలా, మెదడువాపు జ్వరమా అని ఒక్కొక్కటే అడిగారు. ఒక్క మాటైనా కసురుకోలేదు. తల స్కానింగు, వెన్నులోంచి నీరు తీసే పరీక్ష గురించి మాట్లాడుతుండగా పక్కింటి కుర్రాడు పరుగున వచ్చాడు. సంచి చూసుకుంటే గోళీలు తగ్గాయట. మిగిలినవి కాగితాలతో సహా డాక్టరమ్మ చేతిలో పెట్టి, “ఇవి తిన్నాడేమోనండి” అన్నాడు. విషం కేసంటే పోలీసులకి తెలియజేస్తారని, తన పేరు అడుగుతారని అతనికి తెలుసు. అయినా వచ్చాడు.

ఆ మాటతో దారి తెలిసింది. మూత్ర పరీక్షలో అదే తేలింది. వెన్నులో సూది గుచ్చే పని లేకపోయింది, పాము విషానికి ఇంజక్షన్ ఇవ్వాలా అన్న ప్రశ్నా పోయింది.

భంగైనా గంజాయైనా మత్తు పదార్థం ఒకటే, టీహెచ్‌సీ. పొగ తాగితే నిమిషాల్లో తెలుస్తుంది. తింటే అరగంట నుంచి రెండు గంటల దాకా పడుతుంది. ఈలోగా తియ్యగా ఉందని పిల్లలు ఇంకోటి తినేస్తారు. కాలేయంలో అది ఇంకా ఘాటైన పదార్థంగా మారి మెదడుకి చేరుతుంది. బరువు తక్కువ కాబట్టి పసివాళ్ళకి ఊపిరి మందగించవచ్చు, ఫిట్స్ రావచ్చు. దీనికి విరుగుడు మందు లేదు. ఊపిరి, గుండె, షుగర్ కనిపెట్టుకుంటూ, మత్తు దిగేదాకా కాచుకోవడమే వైద్యం. ఒక్కోసారి రోజుకి పైనే పడుతుంది. ఆ రాత్రంతా ఆ పని చేసిన సిస్టర్లకి ఏమిచ్చినా రుణం తీరదు.

అమెరికాలో ఆరేళ్ళలోపు పిల్లలు గంజాయి కలిపిన తినుబండారాలు తిన్న సంఘటనలు విష సమాచార కేంద్రాలకి 2017లో 207 చేరితే, 2021లో 3,054 చేరాయి. దాదాపు అన్నీ ఇళ్ళలో జరిగినవే. మన దగ్గర కూడా అలాంటి చాక్లెట్లు పట్టుబడుతున్నాయని పేపర్లలో చూస్తూనే ఉన్నాం. ఢిల్లీ ఎయిమ్స్‌లోని విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117. ఫోన్లో దాచుకోండి. బిడ్డ మత్తుగా ఉంటే మాత్రం ముందు 108.

అర్ధరాత్రి ఆటో తెచ్చిన మావయ్యకి, అమ్మని పట్టుకుని కూర్చున్న వీధి ఆడవాళ్ళకి, మర్యాదగా రాసుకుని వెళ్ళిన కానిస్టేబుల్ గారికి నమస్కారాలు.

వీధిలో వాళ్ళకి ఒక్క మాట. ఆ కుర్రాణ్ణి, వాళ్ళమ్మని ఇంకేమీ అనకండి. అతను నోరు విప్పకపోయుంటే డాక్టర్లు చీకట్లో వెతకాల్సి వచ్చేది. బిడ్డ కళ్ళు తెరిచేదాకా వార్డు బయటే ఉన్నాడు, టీ కూడా ముట్టలేదు.

తమ్ముడూ, మా గుమ్మం తొక్కడం మానేశావని అప్ప బాధపడుతోంది. వాడు నిన్ను అడుగుతున్నాడు. సెలవు అయిపోయేలోగా ఒకసారి రా.